గుండు సున్నా

గాంధీ రోడ్డు కుప్పలో
అరవై రూపాయలకు దొరికిన చొక్కా.
రొమ్ము మీద ముళ్లపువ్వు బొమ్మ.
ఇది ఏ ఊరి టీమో చూద్దామని పోయి
ఇట్లా ఇరుక్కున్నా.

లాడ్జి కౌంటర్లో రాత్రి డ్యూటీ.
ఆడ స్కాట్లాండులో మధ్యాహ్నం, వాన.
ఈడ కొత్త గుండ్లోళ్లు చందనం పూసుకోని
రూము తాళాలు అడుగుతా ఉండారు.

మా ఐదో నంబరోడు
సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో భక్తుడి మాదిరి
నిలబడిపోతాడు, గేటు ఎవరో తెరవాలని.
పరిగెత్తే ఒక్క పిల్లోణ్ణీ జనవరిలో అమ్మేసినారు.
పదకొండు ఓడినాంక కోచ్‌ని మార్చినారు,
తల గొరిగించుకోని తిథి చూసినట్టు.
ముందే చెప్పినా నేను.
ఎవరికి చెప్పినా?
వేణ్ణీళ్ల బకెట్ మోసే చెంగల్రాయుడికి.

"వాళ్లకు నువ్వేమవుతావు రా?" అంటాడు వాడు.
నిజమే. నేనొకణ్ణి ఉండానని
ఆ ఊరి కుక్కకైనా తెలీదు.
అయినా పెనాల్టీ అంటే
కౌంటర్ కింద నా కాళ్లే వణుకుతాయి.

బార్‌కి కొట్టినాడు.
మళ్లీ గుండు సున్నా.

మెట్ల మీద ఒక పాప
నున్నటి తల తడుముకుంటా అడిగింది:
"అన్నా, ఎవరు గెలిచినారు?"

చెప్పబుద్ధి కాలా.
"మొలుస్తాదిలేమ్మా" అన్నా.