రెండో కవరు

నా పేరు బస్సూ.
వినగానే ప్రతి గుంపూ నవ్వుతుంది.
మా తాత పేరది,
మిదెల్ట్ కొండల్లోకి బస్సనేది రాకముందటిది.
నవ్వనీ. నవ్వినవాళ్ళు త్వరగా సర్దుకుని కూర్చుంటారు.

ఆఖరి రోజు కవర్లు రెండు బయల్దేరతాయి
ముందు సీటు నుంచి వెనక సీటుకి.
లావుది గైడు ఘాలికి.
పల్చటిది నాకు.
లెక్క కాగితమ్మీద అచ్చేసే ఉంటుంది:
మనిషికి, రోజుకి, గైడుకి ఇంత,
డ్రైవరుకి అందులో సగం.
నోటికి నిండు కూలీ, చేతులకి సగం కూలీ.
తప్పు పట్టను.
ఘాలికి ఐదు భాషలొచ్చు,
ఐదింట్లోనూ సుల్తానులు చచ్చిన సంవత్సరాలు
తడుముకోకుండా చెబుతాడు.

ఫెస్ నుంచి మర్రకేష్ దాకా పదకొండు రోజులు
వాళ్ళు నాకు అద్దంలోనే తెలుసు.
నాలుగో సీటు ఘాట్ రోడ్డెక్కితే కళ్ళు మూసుకుంటుంది.
పదిహేడు మొగుణ్ణొదిలి కిటికీకి తల ఆనిస్తుంది.
తొమ్మిది ప్రతి లోయ దగ్గరా ఆపమంటాడు,
ఆపితే దిగడు.

తిజి న్ తిష్కా కనుమలో
మలుపు తిరగ్గానే లారీ ఎదురై
నా చొక్కా వీపుకి అతుక్కుపోయినప్పుడు
ఘాలి మైకులో ఉప్పు బిడారుల కథ చెబుతున్నాడు.
అందరూ అతని వేలు చూపించిన వైపే చూశారు.
అదే మంచిదైంది.

ఇప్పుడు తొమ్మిది ఫోను తీసి గుణిస్తున్నాడు.
టైరు పేలిన పూట
లెక్కలోకొస్తుందా రాదా అని
పెళ్ళాంతో గుసగుస.
వాళ్ళ భాష రాదు గానీ
వేళ్ళ మీద సగం రోజు ఎలా మడుస్తారో తెలుసు.
ఆ పూట వాళ్ళంతా యాపిల్ తోటలో ఫొటోలు దిగారు.
జాకీ పక్కన బోర్లా పడున్న నన్ను కూడా
ఎవరో తీశారు.

కవరు నా దగ్గరికొచ్చేసరికి గలగలమంది.
చప్పుడు చేసే కవరంటే నాకు దిగులు.
బ్యాంకు కుర్రాడు నాణేలు వెనక్కి తోసేస్తాడు,
కాగితమైతేనే మారుస్తాడట.
ఇంట్లో ఆలివ్ సీసా నిండా అవే.
నా కూతురు తూదా చాప మీద బోర్లించి
దేశానికో కుప్ప పోస్తుంది.
రాణులొక పక్క, గద్దలొక పక్క,
వీణలాంటిదేదో ఇంకో పక్క.
ఒకటి మాత్రం డబ్బే కాదు, నీలం ప్లాస్టిక్ బిళ్ళ.
అక్కడి దుకాణాల్లో
తోపుడు బండి తాళం తియ్యడానికట, ఘాలి చెప్పాడు.
తూదా దానికి బెజ్జం పెట్టి
మేకపిల్ల మెళ్ళో కట్టింది.

అందుకే ప్రతిసారీ ఒక సాక్సు నిండా నాణేలు
బండిలో పెట్టుకొస్తాను.
ఘాలి మైకులో అడుగుతాడు:
మీ ఊళ్ళో చెల్లేవి, మా ఊళ్ళో చెల్లవు,
నోటిచ్చి పట్టుకెళ్తారా?
ఎక్కువసార్లు నవ్వి ఊరుకుంటారు.

ఈసారి నాలుగో సీటావిడ వచ్చింది.
అందరూ దిగి పెట్టెలు లెక్కపెట్టుకుంటుంటే
మెట్టు మీదే కూర్చుని
ముప్పై ఎనిమిది నాణేలు ఒళ్ళో పోసుకుంది.
రేటు ఫోనులో చూసింది, నాకూ చూపించింది.
ఒక్క దిర్హాం ఎక్కువివ్వలేదు, ఒక్కటి తగ్గించలేదు.
దానం చేసినట్టు కాదు,
సంతలో మనిషికి మనిషి ఇచ్చినట్టు.
లేచేముందు
గాల్లో స్టీరింగు తిప్పింది,
గట్టిగా కళ్ళు మూసుకుంది,
తెరిచి నా వైపు వేలు చూపించింది.
భయపడ్డాననా?
నువ్వున్నావని నిద్రపోయాననా?
అడిగి చెప్పడానికి ఘాలి దగ్గర్లో లేడు.
నేనూ గాల్లో స్టీరింగు తిప్పాను.

సాయంత్రం బస్సు ఊడుస్తుంటే
తొమ్మిదో సీటు కింద నలిగిన కాగితం.
పదకొండు కొట్టేసి పదిన్నర.
పదిన్నర కొట్టేసి
పదీ ముప్పావు.
చీపురు పట్టుకుని ఒక్కణ్ణే నవ్వాను.
పావుపూట దగ్గర
ఎంత రాత్రి నలిగాడో పాపం.

రేపు పొద్దున ఆరింటికి విమానాశ్రయం.
అద్దం తుడిచిపెట్టాలి.
ఘాలి మైకు ఊది చెబుతాడు:
మన డ్రైవరు, పేరు బస్సూ.