సున్నా కూడా ఒక మాటే

తార్తూలో, కార్లోవా పేటలో
చెక్క ఇళ్ల మధ్య మా పనిముట్ల కొట్టు.
డ్రిల్లు, నిచ్చెన, ఆపిల్ రసం పిండే మర
ఎవరడిగితే వాళ్లకి అరువు.
చెప్పిన రోజుకి తేకపోతే
రోజుకి అర యూరో.

ఆ లెక్క కోసమే రాశాను మొదట,
నది గడ్డకట్టిన నెలలో, జాంగోలో.
తర్వాతెప్పుడో తోచింది,
అరువనేది ఒక్క మా పేటలోనే ఉంటుందా అని.
కొట్టు పేరు పీకేశాను. ఊరి పేరు పీకేశాను.
సోమవారం సెలవన్న మాట పీకేశాను.
కుట్లు విప్పినా గుడ్డ మీద
సూది బెజ్జాలు ఉండిపోతాయి కదా,
అలా అక్కడక్కడ నేను.

ఎవరింట్లో దిగితే
ఆ ఇంటి సెట్టింగ్స్ ఫైలు చూసి మసలుకో అని
చెప్పి మరీ పంపాను దాన్ని.
వాళ్లు నోరు విప్పకపోతేనే నా అలవాటు:
గడువు పద్నాలుగు రోజులు,
ఆలస్యానికి రోజుకి అర.

మార్చిలో వల్పరైసో నుంచి ఉత్తరం.
కొండ మీద పిల్లలకి వయొలిన్లు అరువిచ్చే
నిబాల్దో రాశాడు:
"యస్నాకి ఏడేళ్లు. పంతొమ్మిది రోజులు ఆలస్యం.
తొమ్మిదిన్నర పెసోలు కట్టమని మీ యాప్ ఉత్తరం పంపింది.
పది పెసోల నాణెం తెచ్చింది.
మిగతా అర కోసం నిలబడే ఉంది.
మా దేశంలో అర పెసో లేదమ్మా.
అయినా, రుసుము సున్నా అని
రాసే పెట్టాను కదా?"

రాసే పెట్టాడు. చూశాను.
తప్పు నాది.
"వాళ్లు చెప్పింది, లేదంటే నాది" అని
ఒక్క లైనులో ఇరికించి
ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్న లైను అది.
సున్నా కనబడగానే
ఏమీ చెప్పలేదులే అనుకుని
నా అర తీసి పెట్టింది.

వద్దు అనడం వేరు,
ఊరుకోవడం వేరు.
ఎంత అని అడిగే ముందు
చెప్పారా అని అడగాలి.
దిద్దడానికి నాలుగు నిమిషాలు.
పరీక్ష రాసి దానికి యస్నా పేరు పెట్టాను.
కొత్త వెర్షన్ వదిలాను.

ఆ ఊపులో మా కొట్టు సెట్టింగ్స్ కూడా తెరిచాను.
గడువు ఉంది. సెలవులు ఉన్నాయి.
రుసుము లైను లేదు.

ఆరేళ్లుగా
పక్కింటి ఎండెల్ దగ్గర, రొట్టెలమ్మే లైనే దగ్గర
నాణేలు లెక్కపెట్టి తీసుకుంటున్నానే,
ఆ అర యూరో ఎవరూ పెట్టింది కాదు.
ఓ రాత్రి ఖాళీ ఉంచలేక
నేను వేసిన అంకె.

శుక్రవారం అందరూ వస్తారు.
అడగాలి.