ట్రాలీ కిరాయి

పోచమ్మ మైదాన్ కాడ పొద్దుగాల ఏడింటికే
ఆరు ట్రాక్టర్లు ముక్కులు రోడ్డుకు పెట్టి నిలబడతయి.
కొమురెల్లిది ఐదోది. ట్రాలీకి వెనక డోరు లేదు,
పాత తలుపు చెక్క తీగతోటి కట్టిండు.
"ఏం పారబోస్తవ్?"
ఇంటి కప్పు, అన్న.
"గూనపెంకా, బెంగుళూరు పెంకా?"
గూనపెంకే.
"గూనపెంక బరువు. ట్రిప్పుకు పదిహేను వందలు.
రాత్రి నిలబెడితె ఇంకో మూడొందలు.
ఎత్తుడు మీది. దింపుడు నాది.
యాడ దింపుతనో అడగొద్దు."

కొత్తవాడల మా గల్లీ వెడల్పు
ఒక జంపఖానా పొడుగంత.
ట్రాలీ రివర్సుల వచ్చుడంటె సూది బెజ్జంల మోకు ఎక్కించుడే.
చిలుకమ్మ గోడకు గీత పడ్డది.
ఆమె తిట్లు ఎప్పటి నుంచో బాకీ ఉన్నయి, తీరినయి.

కోతులు లేకుంటె ఈ ఖర్చు లేదు.
పన్నెండేండ్ల సంది అవి ఎక్కుడు, నేను ఎక్కుడు.
కింద ఏమున్నదో చూద్దామని అవి పెంక తీస్తయి,
చూడనియ్యొద్దని నేను పెంక పెట్టి దిగుత.
మొన్నటి వానకు మగ్గం మీద ధార పడి
ఎరుపు పోయి తెలుపుల కలిసింది,
షావుకారు ఆ పట్టి తీస్కోలేదు.
ఇగ రేకులు ఏపిద్దాం, అన్నది వనజ.

పెంక కింద పెంక. దాని కింద మసి.
మసి కింద, నేను అనుకోనే లేదు, నూలు దుమ్ము.
వాసాల మీద వేలు మందం, పొరలు పొరలు.
మీద నీలం, మా నాయిన ఆఖరి ఆర్డరుది.
కింద ఎరుపు. ఇంకా కింద
పేరు తెల్వని ఒక పచ్చ.
కూలాయన చీపురుతోటి ఒక్కటి కొట్టిండు.
తుమ్మిండు.

చిన్నప్పుడు ఈ కప్పు మీదికే ఇసిరిన నా పాలపండ్లు.
ఒక్కటన్న దొరకలేదు.
దొరికింది చిర్రగోనె బిళ్ళ,
కోతి ఎత్తుకపోయిన వనజ దువ్వెన.

చీకటైంది. సగం కప్పు ట్రాలీల, సగం ఇంటి మీద.
కొమురెల్లి ఇంజను ఇప్పుకోని పోయిండు.

తెల్లారి చూస్తె ట్రాలీ నిండిపోయింది,
మా పెంకలతోటి కాదు.
పలిగిన కమోడు, గడ్డి రాలే కూలరు, వైరు ఊడిన మిక్సీ,
రెండు చక్రాలే మిగిలిన మూడు చక్రాల సైకిలు.
నడిగల్లీల నిలబడి మొత్తుకున్న:
"పైసలు కట్టేది నేను! ఎవలయి వాళ్ళు తీస్కపోండ్రి!"
తలుపులన్నిటికి ఒక్కపారే నిద్ర పట్టింది.

ఎక్కి ఒక్కొక్కటి కింద పెడుతున్న.
కమోడు. మిక్సీ. కూలరు.
కూలరు వెనకకు, మూలకు, ఒక పరుపు.
సక్కగ మలిచి, నూలుతాడుతోటి కట్టి ఉన్నది.
పారేసేదాన్ని ఎవలన్న గింత సక్కగ మలుస్తరా?
ముడి చూసిన.
గల్లీ మొత్తంల ఆ ముడి ఒక్క విశ్వంభరం ఏసెటోడు.
ఆయన ఏడు నెలలు మంచంల ఉండి పోయిండు,
మొన్ననే పెద్దదినం అయింది.
ఆమె ఎప్పుడు నేర్చిందో ఆ ముడి.
నడిరాత్రి ఒక్కతే ఎట్ల ఎత్తిందో.

ఎదురింటి తలుపు సందుల ఒక పాదం,
మట్టె తీసిన వేలు మీద తెల్లటి గీత.

పరుపు ఒక్కటే మిగిలితె ఎవలిదో అందరికి ఎరుకైతది.
కూలరు మల్ల ఎత్తి ట్రాలీల పెట్టిన.
మిక్సీ పెట్టిన.
కమోడు పెట్టిన, నడుం పట్టింది.

"కప్పు అన్నవ్, గిదేంది?" అన్నడు కొమురెల్లి.
కప్పే. జరంత మాది, జరంత గల్లీది.
"రెండో ట్రిప్పు పడతది మరి."
పడనియ్యి.

ట్రాలీ మూల తిరిగినంక
బకెటు నీళ్ళు రోడ్డు మీద సల్లినట్టు చప్పుడైంది.
"దుమ్ము లేస్తున్నది," అన్నది ఆమె
ఎవ్వలు అడగక ముందే.

పైన ఉత్త వాసం మీద ఒక కోతి కూసున్నది.
పెంక తీసే పని లేదు దానికి.
కింద నన్ను చూసింది.
చాలాసేపు చూసింది.