పలచటి గోడ

హడర్స్‌ఫీల్డ్‌లో మా ఇల్లు
రాతిగోడల వరసలో పదిహేడోది.
కింద ఒక గది, పైన ఒక గది.
పైగదిలోనే మంచం, పైగదిలోనే బల్ల,
బల్లకింద
పొట్టనిండా శనగలు పోసుకున్న కంప్యూటరు.

నరహరి తెల్లారి నాలుగున్నరకి బస్సు తీయాలి.
నేను అర్ధరాత్రి దాకా
ఆసుపత్రి డాక్టర్ల గొణుగుడు చెవిలో పెట్టుకుని
ఉత్తరాలు టైపు చెయ్యాలి.
ఒక్కో ఉత్తరం దాచినప్పుడల్లా డిస్కు
పటికబెల్లం కొరికినట్టు కటకటమనేది.
దుప్పటి కదిలేది.
"అయిపోయిందా?" అనేవాడు నిద్రలోంచే,
కోపం కూడా పూర్తిగా మేలుకోకుండా.

మొదట పాత తువ్వాలు చుట్టాను.
అరగంటకి అన్నంగిన్నెలా కాలింది.
ఊపిరాడక నోరు మూసుకుంటే
దాన్ని నెమ్మదితనం అనరు కదా.
తర్వాత, సిగ్గెందుకు,
ఆయన పైజమాలో ఎలాస్టిక్కు లాగి
ఇనప డబ్బాలో డిస్కుకి ఉయ్యాల కట్టాను.
రెండు రాత్రులు బుద్ధిగా పడుకుంది.
మూడోనాడు ముడి జారి
ధన్ మని పడింది.
నరహరి లేచి కూర్చుని, బస్సు ఆపమని అరిచాడు.

శనివారం, సంతలో తారిఖ్ కొట్టు.
గాజుబల్ల మీద నాలుగు డిస్కులు పరిచాడు.
ఒక్కోదానికీ ఒక కాగితం,
నిమిషానికి ఎన్ని చుట్లు, ఎన్ని డెసిబెల్స్.
జాతకాల్లో అందరూ నెమ్మదస్తులే,
కాపురానికొచ్చాక కదా గొంతు బయటపడేది.
"కరెంటు పెట్టి చూపించు" అన్నాను.

కొబ్బరికాయలా చెవి దగ్గర పెట్టుకోబోయాను.
"ఊపకండి బాజీ, తిరిగేటప్పుడు ఊపితే చస్తుంది."
వంగి నేనే చెవి దింపాను.
మొదటిది, వేగంలో మొనగాడు,
నూనె అడుగుతున్న సీలింగు ఫ్యాను.
రెండోది సన్నటి దోమ.
మూడోది బాగానే ఉంది గాని
అడుగు తీసి అడుగేసే ముందు
ప్రతిసారీ గొంతు సవరించుకుంటోంది.
నాలుగోది, నెమ్మదిగా తిరిగే రకం,
వేలు ఆనిస్తే గాని తెలియలేదు
బతికే ఉందని.
ఆరు పౌన్లు ఎక్కువ.
మనసులో రెండు లెక్కలు వేసి, రెండూ తప్పించి,
ఇచ్చేశాను.

నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు వేసి బిగించాను.
ఆ రాత్రి
ఉత్తరం దాస్తే తెర మీద అక్షరం తప్ప
సాక్ష్యం లేదు.
అప్పుడు మొదలయ్యాయి మిగతావి:
కింద ఫ్రిజ్ నిట్టూర్పు,
చలికి బిగుసుకునే గ్యాసు గొట్టం,
ఇన్నాళ్ళూ డిస్కుని తిట్టానా,
పళ్ళు కొరికేది ఈయన కూడాను.

పదిరోజులకి, చెత్తబుట్టలు బయటపెట్టే పొద్దున
పక్కింటి ఓల్డ్‌రాయిడ్ గారు
పెరటిగోడ మీంచి పిలిచారు.
ముఖం వెలిగిపోతోంది.
"పోయాయమ్మా! ఇక మీకూ బెడద ఉండదు."
"ఏవండీ?"
"ఎలుకలు. గోడలోనే కాపురం.
ఏడాదిగా రాత్రిళ్ళు ఒకటే కొరుకుడు.
మూడు బోనులు పెట్టాను,
జున్ను మార్చాను, వేరుశనగ వెన్న పెట్టాను.
చివరికి నా దెబ్బకి ఒక్కటీ మిగల్లేదు."

గోడలకి చెవులుంటాయని తెలుసు,
బోనులు కూడా పెడతాయని తెలీదు.
చెబుదామని నోరు తెరిచాను.
ఖాళీ బోను ఒకటి ఎత్తి చూపిస్తున్నారు,
కప్పు గెలుచుకున్నవాడిలా.
"మీవల్లే నిద్ర పడుతోందండీ" అన్నాను.
సగం నిజమే.

ఇవాళ పదకొండు దాటింది.
కొత్త డిస్కు, ఎందుకో,
ఒక్కసారి
టిక్ మంది.
నరహరి కదల్లేదు.
గోడకి అటువైపు మంచం కిర్రుమంది,
చెప్పులు, సొరుగు తెరిచిన చప్పుడు,
తర్వాత బోను స్ప్రింగుని
జాగ్రత్తగా వెనక్కి లాగుతున్న చప్పుడు.

ఉత్తరం సగంలో ఉంది.
చెయ్యి కీబోర్డు మీంచి తీసి
ఊపిరి బిగపట్టి కూర్చున్నాను,
ఎలుకలాగా.