నైపుణ్యాలు అనే గడి

దరఖాస్తుల తొమ్మిదో గడి దగ్గర
పెన్ను ఆగింది.
"మీకున్న నైపుణ్యాలు" అని అచ్చేసిన్రు,
కింద మూడు గీతల జాగ.

మిర్చి పువ్వుల దాక్కునే తామర పురుగు మీద
ఐదేండ్లు పని చేసినదాన్ని,
మూడు గీతలు నింపరాక
నయీంనగర్ జిరాక్సు దుకాణంల
ప్లాస్టిక్ స్టూలు మీద కూసున్న.
హైదరాబాదుల ఆరునెలల ల్యాబు శిక్షణ.
ముప్పై ఐదు లోపు వాళ్లకే.
నాకు ముప్పై నాలుగు మీద ఎనిమిది నెలలు.
ఆఖరు తారీఖు ఇయ్యాళనే.

ఫెలోషిప్పు పోయినేడు ఒడిసినప్పుడు
మా సారును అడిగిన, ఇంకేం నేర్సుకోవాలె అని.
"థీసిస్ కానియ్, మిగిలినవన్ని అవే వస్తయి" అన్నడు.
ఎక్కడికెళ్లి వస్తయో,
ఏ బస్సుకు దిగుతయో చెప్పలే.

నిన్న సెమినార్ హాల్ల వర్క్‌షాపు.
నాలుగిట్ల తిరిగే ఒక్క ఫ్యాను కింద నిలబడి
"మీ పరిశోధన మూడు నిమిషాల్లో చెప్పండి" అన్నది
పట్నంకెళ్లి వచ్చిన మేడం.
బానోతు కిషన్ లేచిండు.
రాతి కింద నీళ్లను వాసన పట్టే మనిషి,
మూడు నిమిషాలల్ల రెండు
"అంటే, అంటే" అనుకుంటనే ఒడిసినయి.
అందరం నవ్వినం.
నా వంతు వచ్చేసరికి నాలిక
కారప్పొడి డబ్బాల చెంచా లెక్క ఇరుక్కున్నది.

చాయ్ కాడ మేడమే దగ్గరికొచ్చింది.
"నాకూ మొదట్లో ఎవరూ చెప్పలేదమ్మా,
అందుకే ఊరూరా తిరిగి చెప్తున్నా" అంటుండంగ
బిస్కెట్ ఇరిగి చాయ్‌ల పడ్డది.
వేలితోని తీసుకొని తిన్నది.
అప్పుడు నమ్మిన ఆమెను.

ఇప్పుడీ గడి.
గీసుగొండల సమ్మక్క చేను యాదికొస్తున్నది.
పువ్వును తెల్ల పళ్లెంల దులిపితే
నేను భూతద్దం సర్దుకునే లోపల్నే
ఆమె బొటనేలు కణుపుల మీద నడిచింది.
"ఇరవై మూడు" అన్నది.
నాకు ఇరవై ఒకటే వచ్చినయి.
మళ్లా లెక్కపెట్టిన.
ఇరవై మూడు.
"పురుగు సస్తదా, సావదా? అది చెప్పు బిడ్డా."
అప్పుడైతే ఒక్క నిమిషం కూడ పట్టలే.
"మందు మీద మందు కొడితే సావదక్కా, మొండిదైతది."
"గట్లనా" అన్నది.
తెల్లారి కొత్త డబ్బా దుకాణంల వాపసిచ్చొచ్చింది.
నా పరిశోధన లోకానికి చేసిన ఉపకారం
ఇప్పటికైతే ఆ ఒక్క డబ్బా.

అటెండరు కొంరయ్య నేర్పిండు,
అద్దాన్ని నోటితోని ఊదొద్దని,
చంటిపిల్లల ముక్కుకు వాడే రబ్బరు పంపుతోని
దుమ్ము దులపాలని.
అది ఏ గీత మీద పడ్తది?
పరకాల కాలేజీల గంటకింత లెక్కన పాఠం చెప్పి
ఆఖరు బస్సుల ఒంటికాలి మీద నిలబడి
పత్రిక వాళ్ల తిరస్కరణ చదువుడు?
మొదటిసారి తిట్టు లెక్కనే వినవడ్డది.
నెల దాటినంక
పదకొండో అభ్యంతరం నిజమేనని ఒప్పుకున్న.
మిగిలిన పది మీద ఇప్పటికీ కోపమే.

"మేడం, ఐదింటికి పోస్టాఫీసు మూస్తరు,"
జిరాక్సు పిలగాడు యాది చేసిండు.

మొదటి గీత మీద రాసిన:
తెల్ల పళ్లెంల పురుగుల లెక్క. తప్పైతే మళ్లా లెక్క.
రెండోది: సూక్ష్మదర్శిని బాగుచేసుడు, కొంరయ్య దగ్గర.
పేరు రాయొచ్చునో లేదో,
రాసిన.
మూడో గీత చానాసేపు నా దిక్కే చూసింది.
"అడిగినోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పుడు" అని రాసి,
నిన్నటి హాలు యాదికొచ్చి
చివర "నేర్సుకుంటున్న" అని కలిపిన.

"ఎన్ని కాపీలు మేడం?"
నింపింది ఒకటి.
ఖాళీది ఇంకొకటి తియ్యి తమ్మీ,
కిషన్‌కు ఇంకా మూడేండ్ల వయసుంది.