మంద వెనక్కి తిరిగినప్పుడు

మొఖోత్లాంగ్ కొండల్లో మా బంకు.
కప్పు మీద ఒకే ఒక్క సోలార్ పలక,
బల్ల మీద పదకొండు వైర్లు.
ఛార్జింగుకి రెండు మలోటీలు.
మబ్బు పడితే రేపు రమ్మంటాను.

ఏ ఫోను ఎవరిదో తడిమి చెప్పగలను.
పగిలిన అద్దానికి గోళ్ళరంగు పూసింది రెలెబోహిలేది.
నడుముకి రబ్బరు బ్యాండు చుట్టుకున్నది థోలాంగ్‌ది.
ఉన్ని వాసన వేసేది సెఖోబేది,
నెలకి రెండుసార్లు తమ్ముడి జేబులో దిగొస్తుంది.
సెఖోబే దిగడు. గొర్రెలు దిగనివ్వవు.

మా గ్రూపు పేరు ‘లెక్కలు మాత్రమే’.
అందులో లెక్కలు మాత్రం తక్కువ.
మంచు బరువుకి కూలిన ఎవరిదో గోడ,
థోలాంగ్ అక్క పెళ్ళి దుప్పటి,
పరీక్షకి ఎన్ని రోజులని రోజూ అడిగే రెలెబోహిలే.
పుస్తకం బడిలో ఒక్కటే.
దాని ప్రతి పేజీ
నా బొటనవేలి నీడతో సహా అందరికీ చేరింది.

సెఖోబే ఏమీ రాయడు.
చదివానన్నట్టు రెండు నీలి గీతలు, అంతే.
ఆరు నెలలు.
"వీడున్నాడా, ఫోనుని గొర్రె మేసేసిందా?" అన్నాడు థోలాంగ్.
నేనొక నవ్వు బొమ్మ పెట్టాను.
అది ఇంకా అక్కడే ఉంది,
చెరపడానికి వీల్లేనంత పైన.

జూలై. బకెట్లో నీళ్ళు గడ్డకట్టిన రాత్రి.
ఏడో లెక్క నాది.
ఎక్స్ రెండు కన్నా పెద్దదని తేల్చేశాను.
ఇద్దరూ బొటనవేళ్ళెత్తారు.
ముగ్గురం ఒకే తప్పుని
గుండ్రటి దస్తూరీలో రాసుకుని పడుకున్నాం.

రెండు గంటలకి ఒక వాయిస్.
ముందు గాలి.
తర్వాత మెడగంటలు, ఒక కుక్క దగ్గు.
ఆ తర్వాత
చాన్నాళ్ళుగా మనుషుల మీద వాడని గొంతు:

"ఖౌహెలో, మైనస్‌తో భాగించావు కదా,
గుర్తు అటు తిరగాలి.
కొండెక్కేటప్పుడు అన్నిటికన్నా ముందున్న గొర్రె
మందని మళ్ళిస్తే ఆఖరిదవుతుంది.
గొర్రెలవే. మధ్య దూరాలూ అవే.
మొహాలే తిరిగాయి."

ఆగి, మళ్ళీ:
"సిగ్నల్ రాయి మీద నించున్నా.
కాళ్ళున్నాయో లేదో తెలీట్లేదు. ఉంటా."

నలభై సెకన్లు.
తొమ్మిదిసార్లు విన్నాను.
మైనస్ కోసం మూడుసార్లు,
మిగతా ఆరూ దేనికో.

పొద్దున్న థోలాంగ్ ఏమీ అనలేదు.
వాడి పేరు కింద ‘టైపింగ్’ అని వచ్చింది, పోయింది,
వచ్చింది, పోయింది.
చివరికి దిద్దిన లెక్క ఫోటో ఒకటి వచ్చింది.
గుర్తు పక్కన ఓ మూల
చిన్న గొర్రె గీసి ఉంది, వెనక్కి తిరిగి.

పరీక్ష రోజు గేటు దగ్గర
ఒకరి మొహం ఒకరికి కొత్త.
ఎవడో దగ్గాడు. ముగ్గురం తిరిగాం.
ఎందుకు రాయవని అడిగాను.
చేతి తొడుగు తీస్తే వేళ్ళు బిగుసుకుపోతాయన్నాడు.
"మరి ఎండాకాలం?"
బూట్లు చూసుకున్నాడు.

హాలు గుమ్మంలో సబ్బుల అట్టపెట్టె.
గోళ్ళరంగు మీద రబ్బరు బ్యాండు,
దాని మీద నాది,
అన్నిటి మీదా ఉన్ని వాసన.

మూడు గంటల తర్వాత నలుగురం వాలు దిగుతున్నాం,
ఎవరి ఊపిరి వాళ్ళకి వినిపిస్తోంది.
నా జేబులో ఫోను అదిరింది.
రెండడుగుల వెనకనుంచి సెఖోబే
మొట్టమొదటిసారి టైపు చేశాడు:
‘ఏడోది?’

ఎవరం వెనక్కి తిరగలేదు.
అక్కడే, దారి మధ్యలో,
తలలు వంచి రాయడం మొదలుపెట్టాం.