ఏం ఇనవడ్డది?

చౌరస్తాల ఆరువందల యాభైకి బేరమాడి తెచ్చిన స్పీకరు,
అరచేతి మందం గూడ లేదు.
కొత్తవాడ బడిల ఎనిమిదో తరగతి బల్ల మీద పెడితే
ముప్పై ఎనిమిది మంది ముందుకు వంగిండ్రు,
లోపల మనిషి ఎట్ల పట్టిండో చూద్దామన్నట్టు.

పుస్తకాలు మూయండి, అన్న.
ఇయ్యాల కండ్లకు పని లేదు.

ఎన్నడూ ఎండ సోకని గొంతొకటి
ఏదో ఊరి రైల్వే ప్లాట్‌ఫారం మీద ఎవరినో పలకరిస్తున్నది.
వాట్స్ ద మ్యాటా?
నస్రీన్ చెయ్యెత్తింది.
"మాట అంటుండు టీచర్. ఏం మాట అని అడుగుతుండు."
తప్పని ఎట్ల చెప్పాలె? ఒక తీరుగ అతను అడిగింది అదే కద.

అవతలి గొంతు ఆడమనిషిది, తొందరల ఉన్నది.
ఐ వాన గో హోమ్.
వెనక బెంచీలన్నీ ఒక్కసారే కిటికీ దిక్కు చూసినయి.
"వాన వొస్తదంట!"
"కాదుర, వాన పోతదంట. గో అన్నది గద."
పొద్దున బట్టలు ఆరేసి వచ్చిన రమ్య మొకంల మాత్రం
నిజమైన దిగులు.

బోర్డు మీద విడివిడిగ రాసి చూపించిన.
ఐ. వాంట్. టు.
నాకు నేర్పినోళ్లు ఇట్లనే నేర్పిండ్రు,
ఒక్కో మాటను కడిగి, తుడిచి
వరుసగ బోర్లించిన గిన్నెల లెక్క.
ఆ గిన్నెలల్ల ఎవ్వరూ వండుకోరని
నౌకరీ ఇంటర్వ్యూల నోరు తెరిచి నిలబడ్డప్పుడు గని తెలువలే.

"మల్లొక్కసారి పెట్టుర్రి టీచర్."
పెట్టిన. మల్లొక్కసారి. ఇంకొక్కసారి.
నాలుగోసారికి వేముల కావేరి నోటుబుక్కుల
ఒక్క అక్షరం లేదు, గీతలున్నయి.
చిన్నది, పెద్దది, చిన్నది చిన్నది, పెద్దది.
ఇదేందే?

"మా నాయిన జంపఖానా మీద పంజా కొడ్తడు గద టీచర్,
గట్టిగ ఒకటి పడ్తది, నడుమ పోగులు ఊకెనే సర్దుకుంటయి.
ఆమె గూడ గట్లనే మాట్లాడుతుంది."

మరి "టు" ఏడ వోయింది?

"పోలే టీచర్. పోగు కింద వడ్డది.
జంపఖానా మర్లేస్తే కనవడ్తది."

ఇరవై ఏండ్ల సర్వీసుల నాకెవ్వరూ చెప్పని వ్యాకరణం.
ఆ గంటంత బెంచీల మీద అరచేతులు మోగినయి.
హెడ్మాస్టరు గుమ్మంల నిలబడి
ఇది ఇంగ్లీషు పీరియడా, డప్పుల పీరియడా అన్నడు.
రెండూ, సార్.

పాఠం ఎట్ల పోయిందో ఇందామని
ఫోనుల రికార్డు చేసి పెట్టుకున్న.
రాత్రి, కుక్కరు మూడో విజిలు తర్వాత, చెవుల పెట్టుకుంటే
అంత నేనే.
అడిగేది నేనే, జవాబు నేనే,
శబాషని మెచ్చుకునేది గూడ నేనే.
ప్రశ్నకూ జవాబుకూ నడుమ
ఊపిరి తిరిగేంత సందు లేదు.

ఆమెకు ఏమైందో ఎవరు చెప్తరు, అని అడుగుతున్న.
ఇంటికి పోవాలంటున్నది, అని నేనే చెప్తున్న.
నా గొంతు కింద
పోగంత పలుకు.
వెనకకు జరిపిన. మల్లొక్కసారి. మల్లొక్కసారి.

కిటికీ పక్కన కూసునే జాటోతు తిరుపతి.
తండాల లంబాడీ, హాస్టల్ల తెలుగు, మూడోది ఇది.
జూన్ నుంచి నోరు తెరువలేదని
వాని పేరు ఎదురుంగ రాసింది నేనే.
"షీ ఈజ్ క్రయింగ్, టీచర్."

స్పీకరు తెచ్చి వంటింట్ల పెట్టిన.
నిజమే. "హోమ్" కాడ ఆమె గొంతు
సన్నగ తడిసింది.
అయిదుసార్లు పెట్టిన పాఠంల
నాకు ఇనవడలేదు.

తెల్లారి అదే బల్ల, అదే స్పీకరు.
ఆమెకు ఏమైంది, అని అడిగిన.
ఒకటి. రెండు.
జవాబు నా నాలుక కొస మీదికి వచ్చి కూసున్నది.
మూడు.
పైన ఫ్యాను కిర్రుమంటున్నది.
కిటికీ దిక్కు చూడకుండ
నోరు మూసుకొని నిలబడ్డ.